తబేలాలో నాలుగు వందల ఆత్మలు

మా సంఘంలో ఎవరినైనా తిట్టాలంటే ముందు కళ్లు మూసుకోవాలి. ముఖాన తిడితే అది జగడమవుతుంది, పెద్దలు కూర్చుని తీర్పు చెబుతారు. కళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని, "ప్రభువా, నీ దాసురాలు ఒకామె ఉన్నది, ఆమె పేరు నీకు తెల్సు, బావి కాడ ఆమె నోరు ఎట్లుంటదో సుత నీకు తెల్సు" అని మొదలుపెడితే మాత్రం అది ప్రార్థన. ప్రార్థనకు అడ్డు చెప్పే అధికారం ఎవరికీ లేదు. ఆ దాసురాలు కూడా చివర అందరితో కలిసి ఆమేన్ అని తీరాలి.

ఈ విద్యలో నేను ఇరవై మూడేళ్లకే ఆరితేరాను. మిషన్ బడిలో పంతులు ఉద్యోగం. ఆదివారపు బడికి పెద్దను, సంఘానికి కార్యదర్శిని. వాక్యాలు కంఠతా చెప్పే పోటీలో ఏటా బహుమతి నాదే. నాకు తెలియని వాక్యం లేదని గట్టి నమ్మకం. నాకు తెలియని మనుషులు ఉంటారన్న ఆలోచన మాత్రం ఎన్నడూ రాలేదు. అందుకే నిజాముకూ, తెల్లదొరలకూ, పోలీస్ యాక్షన్ తర్వాత వచ్చిన తెల్ల టోపీల వాళ్లకూ వరుసగా డబ్బు సర్దిన సేఠ్‌ను ఒక్క ప్రార్థనతో కరిగించగలనని బయలుదేరాను.

ఆ సేఠ్ గురించి ముందు చెప్పాలి. సికింద్రాబాదులో కార్ఖానా దాటి తిరుమలగిరి వెళ్లే దారిలో ఆయన తోట బంగళా ఉండేది. మూడు తరాలుగా హుండీల వ్యాపారం, అంటే కాగితం మీద డబ్బు అప్పులిచ్చి తిప్పడం. జీతాల బట్వాడా ఆలస్యమైతే కంటోన్మెంటు పల్టన్లకు సొమ్ము సర్దింది ఆయన తాతట. జాగీర్దార్ల ఇళ్లలో పెళ్లి బాజాలు మోగాలంటే ముందు ఆయన తండ్రి తల ఊపాలట. ఊరి చుట్టూ లేచిన ప్రతి మిల్లులోనూ, పేరు ఎవరిదైనా, ఒక వాటా ఆ ఇంటిది. మా కాలానికి అన్నదమ్ములు ముగ్గురు. పెద్ద సేఠ్ గద్దె మీద కూర్చునేవాడు. నడిపి సేఠ్ తలకు దస్తారు పాగా చుట్టుకుని, నడుముకు బిళ్ల పట్టీ బిగించుకుని నిజాం దర్బారుకు వెళ్లి నజరానా సమర్పించేవాడు. చిన్న సేఠ్ ఖద్దరు కట్టి సత్యాగ్రహం చేసి జైలుకు వెళ్లాడు. ఆయన జైల్లో ఉన్నన్నాళ్లూ బంగళా నుంచి రోజూ టిఫిన్ క్యారియర్ వెళ్లేది. దానిని తీసుకువెళ్లింది నడిపి సేఠ్ దర్బారుకు వెళ్లే మోటారే.

మా అమ్మకు ఈ ఏర్పాటు అంటే చాలా గౌరవం. "ఒక తమ్ముడు దర్బార్ల, ఒక తమ్ముడు జైల్ల, నడుమ అన్న గల్ల మీద. గాలి ఎటు కొట్టనీ, ఆ ఇంట్ల దీపం ఆరది" అనేది. నేను ఆ మాటను లోకజ్ఞానమని కొట్టిపారేసేవాణ్ని.

మాకూ ఆ ఇంటికీ బంధం గుర్రాలది. మా నాయన అక్కడ సైసు, గుర్రాలను చూసుకునేవాడు. ఆ ఇంటి సైసుల్లో సగం మంది మా విశ్వాసులే. బంగళాకు మోటార్లు వచ్చి గుర్రాలను అమ్మేశాక, అప్పటి సేఠ్, అంటే ఈ ముగ్గురి తండ్రి, పని పోయిన సైసుల కళ్లలోకి చూడలేకనో ఏమో, ఖాళీ తబేలాను ఆదివారం ప్రార్థనకు వాడుకోమన్నాడు. నోటిమాటే, కాగితం లేదు. మా అయ్యగారు, సంఘ కాపరి, పేడ తన చేతులతో ఎత్తి, గోడలకు సున్నం వేసి, పక్కనున్న గడ్డి కొట్టులో కాపురం పెట్టారు. ముప్పై ఏళ్లుగా ఆయనకూ అమ్మగారికీ అదే ఇల్లు.

తబేలా గోడలకు గుర్రాలను కట్టే ఇనుప కడియాలు అలాగే ఉండేవి. ఆడవాళ్లు వాటికి చేతిసంచులు తగిలించేవారు. క్రిస్మస్‌కు మిగతా సంఘాలవాళ్లు అట్టలతో పశువుల తొట్టె కట్టుకునేవారు. మాకు గోడ పొడుగునా పద్నాలుగు తొట్లు ఉండేవి, ఏది వాడాలన్న దాని మీద తగాదా కూడా ఉండేది. వాన పడితే నేలలోంచి గుర్రాల వాసన లేచేది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవారు, మాకు భక్తి కలిగేది. ఇప్పటికీ ఎక్కడైనా గుర్రం ఎదురైతే నా చేతులు వాటంతట అవే జోడించుకుంటాయి.

పోలీస్ యాక్షన్‌కు ముందు రజాకార్లకు భయపడి కొందరు ఆ తబేలాలో రాత్రులు తలదాచుకున్నారు. తర్వాత వేరే కొందరు, మా వీధి చివర కుట్టు పని చేసుకునే సాయిబు కుటుంబం లాంటివాళ్లు, వేరే భయంతో వచ్చారు. అయ్యగారు ముందు వచ్చినవాళ్లకూ తర్వాత వచ్చినవాళ్లకూ అదే గడ్డి పరిచారు. ఆ రోజుల్లో నేను చేసిందల్లా పెరేడ్ గ్రౌండు దగ్గర మిలిటరీ లారీలను చూసి చేతులు ఊపడం, ఆ తర్వాత ఆదివారం న్యాయం గురించి గంటన్నర మాట్లాడటం.

ఏడాది దాటింది. ఓటు అనేది వస్తుందని, ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ప్రతి మనిషి పేరూ రాసుకుంటారని ఊళ్లో మాట పుట్టింది. జైలు నుంచి వచ్చిన చిన్న సేఠ్‌కు పార్టీ దఫ్తర్ పెట్టడానికి జాగా కావలసి వచ్చింది. ఒక సోమవారం ఆ ఇంటి లెక్కలు రాసే ముసలి మునీమ్ వచ్చి, తబేలా అంతా కలయజూసి, నెలాఖరుకు ఖాళీ చేయాలని చెప్పి వెళ్లాడు. పోతున్నది ప్రార్థన చోటు ఒక్కటే కాదు, అయ్యగారి నెత్తి మీది కప్పు కూడా. అమ్మగారికి అప్పటికే ఉబ్బసం, మంచం దిగడం లేదు. సంఘానికి వేరే చోటు దొరకవచ్చు. వాళ్లిద్దరికీ గడ్డి కొట్టు తప్ప భూమి మీద జానెడు చోటు లేదు.

అయ్యగారు తానే వెళ్లి అడుగుతానన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన వెళ్తే బతిమాలుతారని, ఇప్పుడు కావలసింది రాజు ముందు నిలబడే ప్రవక్త అని చెప్పాను. ఆ ప్రవక్త ఎవరో చెప్పలేదు, ఆయన ఊహకే వదిలేశాను. ఆయన ఒక్కటే అన్నారు.

"సరే, పో బిడ్డా. మనం ఎంతమందిమో, ఎట్లున్నమో, ఉన్నదున్నట్టు చెప్పు. దాని మీద ఒక్క మాట సుత ఎక్కువ చెప్పకు."

అమ్మ నా కోటుకు ఇస్త్రీ చేస్తూ తన సలహా తానిచ్చింది. "ప్రార్థన జెర చిన్నగ చెయ్ కొడకా. గొప్పోళ్లకు పనులుంటయ్. దేవునికైతే ఓపిక ఉంటది."

బంగళా వరండాలో ఒక పొడుగాటి బల్ల ఉండేది. దాని మీద నాకు ముందు ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఒకాయన పాత జాగీర్దారు. దస్తారు తీసేశాడు గానీ దాని గీత నుదుటి మీద ఇంకా పోలేదు. ఇంకొకాయన మిలిటరీకి కూరగాయలు వేసే కాంట్రాక్టరు. మూడో ఆయన కొత్త తెల్ల టోపీ. రెండేళ్ల కింద ఈ ముగ్గురూ ఒకరికొకరు ఎదురుపడితే పక్క గల్లీలోకి తిరిగేవాళ్లు. ఇప్పుడు ఒకే తమలపాకుల పళ్లెం చేతులు మార్చుకుంటున్నారు. నేను ధైర్యం చేసి మునీమ్‌ను అడిగాను, మీ సేఠ్ అసలు ఎవరి పక్షమని.

"బల్ల పక్షం" అన్నాడు మునీమ్, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "దస్తార్లొచ్చినా కూసునేది ఈ బల్ల మీదనే, టోపీలొచ్చినా ఈ బల్ల మీదనే. ఇంక కొత్తగ ఎవరన్న వస్తే జెర ఎడం జరిగి కూసుంటరు."

లోపలికి ఎవరు వెళ్లినా సేఠ్ ఎంత లేస్తాడన్నదే అక్కడ కొలమానం. ఈ సంగతి నాకు నాయన చెప్పాడు. తన మనుషులకైతే లేవడు. జాగీర్దార్లకు బాలీసు మీద నుంచి మోచెయ్యి ఎత్తుతాడు. పెద్ద హోదా ఉన్నవాళ్లకు మోకాలి మీదికి వస్తాడు. రెసిడెన్సీ దొరకు ఒక్కసారే నిలబడ్డాడట, దాని గురించి బజారులో వారం రోజులు మాట్లాడుకున్నారట. నేను లోపలికి వెళ్లినప్పుడు సేఠ్ మోచెయ్యి ఎత్తాడు. నా గుండె పొంగింది. తర్వాత తెలిసింది, ఆయన పక్కకు తిరగడానికి ఎత్తాడని.

"ఆవో పంతులూ, కూసో" అన్నాడు.

ప్రవక్తలు కూర్చోరు. ముందు ప్రార్థన చేసుకుందామని చెప్పి, ఆయన జవాబు కోసం చూడకుండా కళ్లు మూసుకున్నాను.

ఆ ప్రార్థన నా జీవితంలోకెల్లా గొప్పది. సృష్టి దగ్గర మొదలుపెట్టి, రాజ్యాలు కూలిన వైనం మీదుగా సికింద్రాబాదు చేరాను. "ప్రభువా, ఈ ఇంటి సొమ్ముతో కిరీటాలు కొన్నవాళ్లు ఉన్నారు, సంకెళ్లు కొన్నవాళ్లు ఉన్నారు" అన్నాను. దర్బారుకూ జైలుకూ ఒకే మోటారు తిరిగిన సంగతి కూడా ప్రభువుకు విన్నవించాను. అప్పుడు వినిపించింది సేఠ్ గొంతు, చాలా మెత్తగా, "హా జీ... హా జీ... ఖుసూర్ మాదే." ధనవంతుడు పశ్చాత్తాపపడుతున్నాడు. ఇంకో మెట్టు ఎక్కాను. "మాఫ్ చెయ్యుండ్రి, రేపే పంపుత" అన్నాడు సేఠ్. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా ఆమేన్ అని కళ్లు తెరిచాను.

సేఠ్ టెలిఫోను కింద పెడుతున్నాడు. మిలిటరీ వాళ్లకు పంపవలసిన లారీలేవో రెండు తక్కువయ్యాయట. గద్దె పక్కన, నేను కళ్లు మూసుకున్నప్పుడు లేని చిన్న సేఠ్, ఖద్దరు చొక్కాలో కూర్చుని ఉన్నాడు. మోటారు సంగతి ఆయన పూర్తిగా విన్నాడని ఆయన చెవుల రంగును బట్టి తెలిసింది.

పెద్ద సేఠ్ ముఖంలో కోపం ఏమాత్రం లేదు. బియ్యంలో రాయి ఉందా అని చూసేవాడిలా నన్ను చూశాడు.

"మంచిగ చదివినవ్. గొంతు దూరం పోతది నీది. మీ మంది ఎంతమంది ఉన్నరు?"

మేం తొంభై ఒక్కరం. నేనే రిజిస్టరు రాసేవాణ్ని కాబట్టి నాకు తెలుసు. అయితే ఏటా మిషన్‌కు పంపే నివేదిక రాసేది కూడా నేనే. ఆ నివేదికలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు, తీసుకోబోయేవాళ్లు, వాక్యం మీద ఆసక్తి చూపినవాళ్లు, క్రిస్మస్ పులావు మీద ఆసక్తి చూపినవాళ్లు అని నాలుగు వరసలు ఉండేవి. అన్నీ కలపడం నాకు ఎంత అలవాటంటే, అది అబద్ధమని నా మనస్సాక్షికి కూడా ఎవరూ చెప్పలేదు.

"నాలుగు వందల ఆత్మలు" అన్నాను.

"ఆత్మలు కాదు పంతులూ, మనుషులు. ఇరవై ఒకటి దాటినోళ్లేనా?"

"అందరూ పెద్దవాళ్లే" అన్నాను. గాయకబృందంలో ముందు వరుస పిల్లలు ఆ క్షణాన ఒక్కసారిగా పెరిగి పెద్దవారయ్యారు.

అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దఫ్తర్‌కు ఇంకో జాగా చూద్దామని పెద్ద సేఠ్ తమ్ముడితో మెల్లగా అన్నాడు. నాతో మాత్రం, వచ్చే నెల ఒక ఆదివారం హైదరాబాదు నుంచి నాయకుడు వస్తున్నాడు, మీ నాలుగు వందల మందినీ బంగళా ముందు మైదానానికి తీసుకురా, మొదటి ప్రార్థన నువ్వే చెయ్యి, తర్వాత పేర్ల పట్టీ మునీమ్‌కు ఇవ్వు అన్నాడు. నేను తబేలాకు పరుగున వచ్చి, ప్రభువు సేఠ్ హృదయాన్ని తాకాడని అయ్యగారికి చెప్పాను. పట్టీ సంగతీ, నాలుగు వందల సంగతీ ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన గడ్డి కొట్టులోకి వెళ్లి అమ్మగారికి చెప్తుంటే ఆమె దగ్గుతూ నవ్వడం వినిపించింది. ఆ నవ్వు విన్నాక నిజం చెప్పడం ఇంకా కష్టమైంది.

నెల రోజులు మూడు వందల తొమ్మిది మంది కోసం తిరిగాను. తిరుమలగిరి పల్టన్ వంటశాలల్లో అరవం మాట్లాడే విశ్వాసులను పలకరించాను. పెళ్లిళ్ల బ్యాండు మేస్త్రీని పట్టుకున్నాను. దూరపు బంధువుల దూరం తగ్గించాను. నాయకుడి సభలో లడ్డూలు పంచుతారని అందరికీ చెప్పాను. అమ్మ గుమ్మంలో కూర్చుని నేను వచ్చిపోవడం చూస్తుండేది.

"ఆత్మలకు రక్షణ అని ఇన్నేండ్లల్ల నువ్వు ఇంత తిరిగినోనివి కాదు" అంది ఒక సాయంత్రం. "లడ్డూల కోసమైతే చెప్పులరిగినయ్."

సభ రోజు మునీమ్ గేటు దగ్గర మోడా పీట వేసుకుని కూర్చున్నాడు. ఒడిలో చింతగింజలు, పక్కన ఒక చెంబు. మనిషి లోపలికి నడిస్తే ఒక గింజ చెంబులో పడేది. ఆ టక్ టక్ శబ్దం వేదిక మీద నిలబడిన నాకు వినిపిస్తూనే ఉంది. వాన జోరందుకుంటే సభ ఆగుతుందని ఆశపడ్డాను, అది తుంపరగానే ఆగిపోయింది. నేను కళ్లు మూసుకుని, సేఠ్‌ను తిట్టిన నోటితోనే ఆయన ఔదార్యాన్ని పొగిడి, నాయకుడి దీర్ఘాయువు కోరాను. ఈసారి కళ్లు గట్టిగా మూసుకున్నది భక్తితో కాదు. మా వాళ్లను చూడలేక. ఎందుకంటే ముందు వరుసలో, చేతికర్ర మీద ఆనుకుని, అయ్యగారు ఉన్నారు. చిన్న సేఠ్ మైకులో "ఈ నాలుగు వందల క్రైస్తవ సోదరులు" అన్నప్పుడు ఆయన వెనక్కి తిరిగి, వరసలన్నీ నింపాదిగా చూసి, మళ్లీ ముందుకు తిరిగారు.

జనం వెళ్లిపోయాక మునీమ్ నన్ను పిలిచాడు. చెంబు కదిలించి చూపాడు.

"నూట ముప్పై ఏడు. అండ్ల పదకొండు మంది బ్యాండోళ్లు."

నేను వానను, జ్వరాలను, పల్టన్‌లో సెలవు దొరకకపోవడాన్ని కారణాలుగా చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"పరేషాన్ కాకు పంతులూ. సేఠ్‌కు తెల్వదనుకున్నవా? పై కిటికీకెల్లి మీ తబేలా దర్వాజ కనవడ్తది. ముప్పై ఏండ్ల సంది ఆదివారం ఆదివారం చూస్తున్నం. తొంభై, తొంభై రెండు."

"మరి జాగా ఎందుకు ఇచ్చాడు?"

"నువ్వు తొంభై అన్నవనుకో, సేఠ్ ఆలోచన చేసెటోడు. నాలుగు వందలన్నవు. మనోడే, నడుస్తడు అనుకున్నడు."

నా ప్రార్థనలన్నిటికీ కలిపి అంత సూటి జవాబు ఎన్నడూ రాలేదు. దస్తారు ఆయన, కాంట్రాక్టరు, టోపీ ఆయన కూర్చున్న ఆ బల్ల మీద నాకోసం ఎవరో జరిగి చోటిచ్చారు. నేను కూర్చున్నానని నాకే తెలియలేదు.

ఆ సాయంత్రమే గడ్డి కొట్టుకు వెళ్లి అయ్యగారికి అంతా చెప్పాను. ఈసారి కళ్లు తెరిచే చెప్పాను. ఆయన తిట్టలేదు. అమ్మగారికి దుప్పటి కప్పి, గోడకు తగిలించిన నల్ల కోటు తీసి తొడుక్కున్నారు. ఎక్కడికని అడిగితే, నిన్ను చెప్పమన్న మాట ఇంకా ఎవరూ చెప్పలేదు గదా అన్నారు. నిజం చెప్తే జాగా పోతుందని, అమ్మగారి పరిస్థితి చూడమని ఆయన వెంట నడుస్తూ బతిమాలాను. ప్రవక్త ఎవరు, బతిమాలేది ఎవరు అన్నది అప్పటికి బాగా తారుమారైంది.

నన్ను వరండాలోనే ఆగమన్నారు. తలుపు సందులోంచి కనిపించినంత చూశాను. అయ్యగారు నమస్కారం పెట్టి, నిలబడే, "మేం తొంభై ఒక్కరం సేఠ్ సాబ్. అండ్ల పెద్దోళ్లు యాభై నాలుగు. పట్టీ ఇయ్యం. ఎవరి ఓటు వాళ్లదే" అన్నారు. అంతే. ప్రార్థన చెయ్యలేదు. సేఠ్ ఆయన వైపే చూశాడు. మోచెయ్యి ఎత్తలేదు, మోకాలి మీదికి రాలేదు. తర్వాత ఏదో అన్నాడు, నాకు వినిపించలేదు.

బయటికి వచ్చాక అయ్యగారు చెప్పులు వెతుక్కుంటూ చెప్పారు. "ఉండమన్నడు. కని చిన్న సేఠ్ జెండాకట్టె మన గోడకే కడ్తరట."

తబేలా నిలిచింది. నా అబద్ధానికి నిలిచిందా, ఆయన నిజానికి నిలిచిందా అని మునీమ్‌ను ఎన్నోసార్లు అడిగాను. ఆయన ప్రతిసారీ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. జెండా కూడా చాలా ఏళ్లు ఉంది, గాలికి దాని నీడ మా ప్రసంగ పీఠం మీద ఊగుతుండేది.

ఆ తర్వాతి ఆదివారం అయ్యగారు ప్రార్థన చేశారు. ఆయన తన జీవితంలో ప్రార్థనలో ఎవరినీ ఎత్తిపొడిచిన మనిషి కాదు. మామూలుగా వానలకూ, జబ్బు చేసినవాళ్లకూ అడిగి, కప్పు నిలిచినందుకు కృతజ్ఞతలు చెప్పారు. ముగిస్తారనుకుని నేను ఆమేన్ కోసం నోరు తెరిచాను.

"ఇంకొక్క మాట ప్రభువా. మా బిడ్డ చెప్పిన లెక్కకు మేం మూడు వందల తొమ్మిది మందిమి తక్కువున్నం. వాళ్లు యాడున్నరో నీకు తెల్సు. మా బిడ్డకు సుత జెర చూపియ్యి."

తబేలా అంతా ఆమేన్ అంది. అందరికంటే గట్టిగా వినిపించింది మా అమ్మ గొంతు.

ఆ అప్పు తీర్చడానికి మర్నాటి నుంచి ఇళ్లకు నడవడం మొదలుపెట్టాను, ఈసారి లడ్డూలు లేకుండా. జ్వరం వచ్చినవాళ్ల దగ్గర కూర్చున్నాను, ఉత్తరాలు రాసిపెట్టాను, చాలాచోట్ల గుమ్మంలోంచే వెనక్కి వచ్చాను. అయ్యగారూ అమ్మగారూ ఆ గడ్డి కొట్టులోనే కన్నుమూశారు, రెండేళ్ల తేడాతో. అయ్యగారి మాట ప్రకారం మిషన్ నివేదికలో ఒకే వరస మిగిల్చాను. దాంతో ఒక ఏడాది మా సంఘం ఉన్నట్టుండి క్షీణించిందని పైవాళ్లు కంగారుపడి మనిషిని పంపారు కూడా.

ఇన్నేళ్లకు, పోయిన ఆదివారం, పాట పాడుతున్నప్పుడు, వెనక నిలబడి లెక్కపెట్టాను. రెండు వందల అరవై మూడు మంది. పసిపిల్లలను కలిపాను గానీ, బ్యాండువాళ్లను కలపలేదు.